గర్భసంచి తీసేద్దామన్నారా? సంతకం పెట్టే ముందు ఇది చదవండి

నెలసరి వస్తే పది రోజులైనా రక్తం ఆగడం లేదు. లేదంటే తెల్లబట్ట తగ్గడం లేదు, నడుం పీకేస్తోంది. స్కానింగ్ తీయించారు. కాగితం చూసిన డాక్టర్ రెండు ముక్కల్లో తేల్చేశారు: "గర్భసంచి పాడైందమ్మా, తీసేద్దాం." పక్కన కూర్చున్న మీ ఆయన తలూపారు. "పిల్లలు పుట్టేశారు కదా, ఇంక దాంతో పనేముంది?" అన్నారు అత్తగారు. ఎప్పుడు చేరాలి, ఎంతవుతుంది అనే మాటలు కూడా మొదలైపోయాయి.

ఇంతకీ మీరేమన్నారు? అసలు మిమ్మల్ని ఎవరైనా అడిగారా?

ఆపరేషన్ వద్దని చెప్పడం ఈ అధ్యాయం ఉద్దేశం కాదు. కొందరికి ఆ ఆపరేషనే ప్రాణం నిలబెడుతుంది. అయితే అది మీకు అవసరమా కాదా అన్నది తేలకముందే ఆసుపత్రిలో చేరొద్దు. తేల్చుకోవడం ఎలాగో ఇక్కడ అంచెలంచెలుగా చూద్దాం.

మన దగ్గరే ఇంత ఎక్కువ ఎందుకు?

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద 3.3 శాతం. తెలంగాణలో 8.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.7 శాతం. మన ఆడవాళ్ల గర్భసంచులకు మాత్రమే రెట్టింపు జబ్బులు వస్తాయా? రావు కదా! 2015–16 సర్వేలో ఇంకో సంగతి బయటపడింది. దేశంలో ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో సగం మందికి ఆపరేషన్ నాటికి 34 ఏళ్లు దాటలేదు. మూడింట రెండు వంతుల ఆపరేషన్లు ప్రైవేటు ఆసుపత్రుల్లోనే జరిగాయి.

కారణాలు మనకు తెలియనివి కావు. తొందరగా పెళ్లి, వెంటవెంటనే ఇద్దరు పిల్లలు, పాతికేళ్లు నిండకుండానే పిల్లల ఆపరేషన్. ఆ తర్వాత గర్భసంచి ఇంట్లోవాళ్లకు పనైపోయిన వస్తువులా కనిపిస్తుంది. నెలసరి అంటే మైల, పూజకు అడ్డు, కూలికి అడ్డు. పత్తి చేలో, మిరప తోటలో మరుగుదొడ్డి ఉండదు, గుడ్డ మార్చుకునే చాటు ఉండదు. వీటన్నిటి మీదా "తీయించకపోతే క్యాన్సర్ అవుతుంది" అని ఒక్క మాట పడితే ఇంకేముంది, అప్పుచేసి మరీ ఆసుపత్రిలో చేరిపోతాం.

మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో చెరకు కోతకు వెళ్లే ఆడకూలీలు పెద్ద సంఖ్యలో గర్భసంచులు తీయించుకుంటున్నారని 2019లో బయటపడింది. ఒక్కరోజు పని మానితే మేస్త్రీకి జరిమానా కట్టాలి. ఆ జరిమానా భయం వాళ్లను ఆపరేషన్ బల్ల దాకా తీసుకెళ్లింది. కూలి షరతు మార్చాల్సిన చోట ఆడవాళ్ల ఒంటిని మార్చారు. మన ఇళ్లలో జరుగుతున్నది దీనికి మరీ దూరమేమీ కాదు.

తీసేస్తే పోయేది నెలసరి ఒక్కటేనా?

కాదు. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే శరీరానికి ఈస్ట్రోజన్ అనే హార్మోన్ అందడం ఒక్కసారిగా ఆగిపోతుంది. ముప్ఫై అయిదేళ్ల మనిషికి మర్నాటి నుంచే ముట్లుడిగిన వయసు వచ్చినట్టు లెక్క. ఒంట్లోంచి ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, యోని పొడిబారడం, చిరాకు మొదలవుతాయి. పైకి కనిపించకుండా ఎముకలు గుల్లబారతాయి, గుండెజబ్బుల ముప్పు పెరుగుతుంది. అండాశయాలు ఉంచినా మెనోపాజ్ కొన్నేళ్లు ముందే రావచ్చు. కాబట్టి "సంచి ఒక్కటే తీస్తున్నారా, అండాశయాలు కూడానా?" అన్నది మీరు తప్పనిసరిగా అడగాల్సిన ప్రశ్న.

ఏం చేయాలి? ఎనిమిది అంచెలు

1. మీ నెలసరి లెక్క రాసుకోండి

"బాగా పోతోంది డాక్టర్ గారూ" అంటే డాక్టర్‌కి ఏమీ అర్థం కాదు. పాత నోటుపుస్తకంలో ఒక పేజీ తీసుకోండి. ఏ తేదీన మొదలైంది, ఎన్ని రోజులుంది, రోజుకి ఎన్ని ప్యాడ్లు లేదా గుడ్డలు మార్చారు, గడ్డలు పడ్డాయా, రాత్రి లేచి మార్చుకోవాల్సి వచ్చిందా, నొప్పికి పని మానేశారా అన్నవి రాయండి. రెండు మూడు నెలలు రాస్తే చాలు. ఏడు రోజులు దాటినా, గంటకో రెండు గంటలకో ప్యాడ్ తడిసిపోతున్నా, పెద్ద గడ్డలు పడుతున్నా అది ఎక్కువ రక్తస్రావమే, వైద్యం కావాలి. ఇంత ఎక్కువగా పోతుంటే రాసేదాకా ఆగకండి, ముందు డాక్టర్‌కి చూపించుకుని ఆ తర్వాత రాయండి. మీరు రాసిన ఆ పేజీ ముందుంటే "మీకేం తెలుసమ్మా" అని ఎవరూ తీసిపారేయలేరు.

2. స్కానింగ్ రిపోర్టు చూసి హడలిపోకండి

రిపోర్టులో "బల్కీ యుటెరస్" అని ఉందా? పిల్లల్ని కన్నవాళ్లకు గర్భసంచి కాస్త పెద్దదిగా ఉండటం మామూలే. "నాబోథియన్ సిస్ట్" అని ఉందా? అవి గర్భసంచి ముఖద్వారం దగ్గర వచ్చే చిన్న నీటి బుడగలు, హాని చేయవు. అండాశయం మీద "సింపుల్ సిస్ట్" ఉందా? వయసులో ఉన్నవాళ్లలో చాలావరకు రెండు మూడు నెలల్లో వాటంతటవే పోతాయి. "ఫైబ్రాయిడ్" అంటే కండ గడ్డ, దాదాపు ఎప్పుడూ క్యాన్సర్ కాదు. ఏ బాధా పెట్టని ఫైబ్రాయిడ్లు ఎందరికో ఉంటాయి, ముట్లుడిగాక అవి సాధారణంగా చిన్నవవుతాయి.

మరి లోపల పరీక్ష చేసి "పుండు ఉంది" అన్నారనుకోండి? గర్భసంచి ముఖద్వారం ఎర్రగా కనిపించినంత మాత్రాన అది క్యాన్సర్ కాదు. క్యాన్సరో కాదో కంటితో చూసి తేల్చేది కూడా కాదు. దానికి పాప్ స్మియర్, హెచ్‌పీవీ పరీక్ష, అవసరమైతే చిన్న ముక్క తీసి చేసే బయాప్సీ ఉన్నాయి. 30 ఏళ్లు దాటినవాళ్లకు గర్భాశయ ముఖద్వార పరీక్ష ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది. మీ ఊరి ఆశా కార్యకర్తనో ఏఎన్ఎంనో అడగండి.

3. కత్తి కంటే ముందు రక్తపరీక్ష

ఎక్కువగా రక్తం పోతుంటే ముందు చూడాల్సినవి: హిమోగ్లోబిన్, థైరాయిడ్, గర్భం ఉందో లేదో తెలిపే పరీక్ష. థైరాయిడ్ తగ్గినా నెలసరి ఎక్కువవుతుంది. దానికి రోజుకో మాత్ర చాలు, ఆపరేషన్ దేనికి? నలభై అయిదు దాటినవాళ్లకు, మందులకు లొంగనివాళ్లకు గర్భసంచి లోపలి పొర నుంచి ముక్క తీసి పరీక్షించడం ముఖ్యం. ఈ పరీక్షలేవీ చేయకుండా ఆపరేషన్ తేదీ రాసిచ్చారంటే ఒక్క నిమిషం ఆగండి.

2019–21 సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం ఆడవాళ్లకు రక్తహీనత ఉందని తేలింది. ఆయాసం, కళ్లు తిరగడం, కాళ్లు లాగడం "గర్భసంచి వల్లే" అనుకుంటాం. చాలాసార్లు అది నెత్తురు తక్కువై వచ్చిన బాధ. ఐరన్ మాత్రలు కొన్ని నెలలు వాడితే మనిషి తేరుకుంటుంది.

4. "ఆపరేషన్ కాకుండా ఇంకేమున్నాయి?" అని అడగండి

ఉన్నాయి. నెలసరి రోజుల్లో మాత్రమే వాడే ట్రానెక్సామిక్ యాసిడ్, మెఫెనమిక్ యాసిడ్ మాత్రలు రక్తస్రావాన్ని తగ్గిస్తాయి. హార్మోన్ మాత్రలున్నాయి. గర్భసంచిలో అమర్చే హార్మోన్ పరికరం (మిరెనా లాంటిది) కొన్నేళ్ల పాటు పనిచేస్తుంది, చాలామందిలో రక్తస్రావం బాగా తగ్గిపోతుంది. గర్భసంచిని ఉంచి ఫైబ్రాయిడ్ మాత్రమే తీసే ఆపరేషన్ కూడా ఉంది. అన్నీ అందరికీ పడవు. రక్తం గడ్డకట్టే జబ్బు, బీపీ, కాలేయ జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌కి ముందే చెప్పాలి. మందుల షాపులో అడిగి కొనుక్కునే మాత్రలు కావివి.

తెల్లబట్ట సంగతి వేరే. వాసన, దురద, రంగు మార్పు ఉంటే అది చాలావరకు ఇన్ఫెక్షనే, మందులతో తగ్గుతుంది. తగ్గి మళ్లీ మళ్లీ వస్తోందా? అయితే మీ ఆయనకు కూడా వైద్యం అవసరమేమో డాక్టర్‌ని అడగండి. కొన్ని ఇన్ఫెక్షన్లు భార్యాభర్తల మధ్య తిరుగుతుంటాయి. ఆయన మందు మింగనంటే మీరు ఎన్ని కోర్సులు వాడినా ఫలితం ఉండదు. ఆయన వాడని మాత్రలకు మీ గర్భసంచి ఎందుకు బలవ్వాలి?

5. అయిదు ప్రశ్నలు కాగితం మీద రాసుకెళ్లండి

డాక్టర్ గది తలుపు తీయగానే అనుకున్నవన్నీ మర్చిపోతాం. కాబట్టి రాసుకెళ్లండి:

- నాకున్న జబ్బు పేరేమిటి? ఈ కాగితం మీద రాసిస్తారా?
- ఇది క్యాన్సర్ అని ఏ పరీక్షలో తేలింది?
- మందులతో ఎన్నాళ్లు ప్రయత్నించవచ్చు?
- ఆపరేషన్ ఆరు నెలలు ఆపితే ఏమవుతుంది?
- అండాశయాలు ఉంచుతారా, తీస్తారా? తీస్తే ఎందుకు?

నాలుగో ప్రశ్న అన్నిటికంటే పదునైనది. ఒక సంభాషణ ఊహించుకోండి.

"డాక్టరమ్మా, ఆరు నెలలు ఆగితే ఏమవుతుంది?"

"ఆగొచ్చు కానీ మళ్లీ బ్లీడింగ్ అవుతుంది కదమ్మా."

"అయితే ఈ ఆరు నెలలు మందులు వాడి చూస్తానమ్మా. రాసివ్వండి."

ఇందులో ఎదురు తిరిగింది ఏముంది? గొంతు పెంచింది ఎక్కడ? మంచి డాక్టర్ ఈ ప్రశ్నలకు కోప్పడరు. కోప్పడితే, రెండో డాక్టర్ దగ్గరికి వెళ్లడానికి అదే కారణం.

6. రెండో డాక్టర్‌కి చూపించండి

రెండో అభిప్రాయం తీసుకోవడం రోగి హక్కు. మొదటి డాక్టర్‌ని అవమానించినట్టు కాదు. మీ రిపోర్టులు, స్కానింగ్ ఫిల్ములు మీవే. అడిగిన 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి. రెండో డాక్టర్ అదే ఆసుపత్రివారో, మొదటివారు పంపినవారో కాకుండా చూసుకోండి. జిల్లా ఆసుపత్రి, లేదా విశాఖ కేజీహెచ్, గుంటూరు జీజీహెచ్, హైదరాబాద్ పేట్లబురుజు ప్రసూతి ఆసుపత్రి లాంటి బోధనాసుపత్రులైతే మేలు. మిమ్మల్ని ఆపరేషన్‌కి పంపితే వాళ్లకు పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. క్యూలో ఒక పూట పోతుంది, పోనివ్వండి.

మగ డాక్టర్ పరీక్ష చేస్తుంటే ఒక ఆడమనిషి గదిలో ఉండాలని అడగడం కూడా మీ హక్కే.

7. సంతకం మీది, నిర్ణయం మీది

సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008లో ఇచ్చిన తీర్పు ప్రతి ఆడమనిషీ తెలుసుకోవాల్సింది. లోపల ఏముందో చూసే పరీక్షకని ఆమె మత్తులో ఉండగా, బయటున్న తల్లి దగ్గర అనుమతి తీసుకుని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. అది చెల్లదని కోర్టు చెప్పింది. మేజరై, తెలివిలో ఉండి నిర్ణయం తీసుకోగల మనిషి తరఫున తల్లి గాని ఇంకెవరు గాని సమ్మతి ఇవ్వడానికి వీల్లేదు. పరీక్షకు ఇచ్చిన సమ్మతి ఆపరేషన్‌కి సరిపోదు. అప్పటికప్పుడు ప్రాణం మీదికొస్తే తప్ప, మత్తు దిగాక అడిగి తీరాలి.

అంటే మీ ఆయన సంతకం పెట్టినంత మాత్రాన మీ ఆపరేషన్‌కి అనుమతి వచ్చినట్టు కాదు. ఫారం తెలుగులో అడగండి. లేకపోతే చదివి వినిపించమనండి. ఖాళీలు నింపని ఫారం మీద సంతకం, వేలిముద్ర రెండూ వద్దు.

అనవసర గర్భసంచి ఆపరేషన్లను అరికట్టడానికి కేంద్ర ఆరోగ్యశాఖ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. కాబట్టి మీరు అడుగుతున్నది కొత్త కోరిక కాదు.

8. ఇంట్లో మాట్లాడండి

అసలు కష్టం ఇక్కడే. "ఆ మూడు రోజుల గొడవ వదిలిపోతుంది కదే" అని అమ్మే అంటుంది. "ఎన్నాళ్లు తిప్పాలి ఆసుపత్రులకి?" అని ఆయన విసుక్కుంటారు. వాళ్లతో వాదనకు దిగకండి, లెక్క చెప్పండి: "ఆపరేషన్‌కి అప్పు, నెలన్నర బరువు ఎత్తకూడదు, కూలి పోతుంది. ముందు మందులు వాడి చూద్దాం." నెలసరి రోజుల్లో నీళ్ల బిందె ఎవరు మోయాలో కూడా ఆ రోజే తేల్చండి. విశ్రాంతి దొరక్క ఆపరేషన్‌కి ఒప్పుకునేవాళ్లు మనలో తక్కువేం కాదు. విశ్రాంతి ఇవ్వాల్సింది ఇల్లు. ఆ పని ఆపరేషన్ థియేటర్ చేయలేదు.

తరచూ చేసే పొరపాట్లు

- నడుంనొప్పికి గర్భసంచి తీయించుకోవడం. నడుంనొప్పి వెన్ను వల్ల, కండరాల వల్ల, బరువులు మోయడం వల్ల కూడా వస్తుంది. సంచి పోయినా నొప్పి ఉండిపోయినవాళ్లు మీ వీధిలోనే ఉండి ఉంటారు, అడిగి చూడండి.
- "పక్కింటి అక్కకి బాగైంది కదా" అనుకోవడం. ఆమె జబ్బు వేరు, మీ జబ్బు వేరు.
- ఆర్‌ఎంపీ గారు చెప్పిన ఆసుపత్రికే వెళ్లడం. పేషెంటుని పంపినందుకు కమీషన్ ముట్టే చోట్లు ఉన్నాయి. ఎవరు పంపారో, ఎందుకు పంపారో ఆలోచించండి.
- ముందు జాగ్రత్తగా తీసేయించుకోవడం. గర్భసంచి ముఖద్వార క్యాన్సర్‌ని ముందే పట్టుకోవడానికి పరీక్షలున్నాయి, రాకుండా చూసుకోవడానికి ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా ఉంది.
- సిగ్గుపడి దాచడం. "ఇవన్నీ మామూలే" అని ఏళ్ల తరబడి ఓర్చుకుని, ఇక తట్టుకోలేని రోజున వెళితే ఎవరు ఏది చెప్పినా తల ఊపేస్తాం. ముందే వెళ్తే దారులు ఎక్కువ.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు?

ఇంతసేపూ ఆగమన్నాను. ఆగకూడని సందర్భాలు కూడా ఉన్నాయి. ముట్లుడిగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనిపించినా, భర్తతో కలిశాక రక్తం వచ్చినా, దుర్వాసనతో నెత్తురు కలిసిన ద్రవం పోతున్నా, కడుపులో గడ్డ త్వరత్వరగా పెరుగుతున్నా వెంటనే పరీక్ష చేయించుకోండి. రక్తం ధారగా పోయి కళ్లు తిరిగితే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

క్యాన్సర్ అని బయాప్సీలో తేలినప్పుడు, కాన్పు తర్వాత రక్తం ఎంతకీ ఆగనప్పుడు, గర్భసంచి బాగా జారిపోయినప్పుడు, మందులన్నీ వాడినా రక్తస్రావం తగ్గనప్పుడు ఆపరేషన్ సరైన వైద్యమే కావచ్చు. అన్నీ తెలుసుకుని "సరే, చేయించుకుంటాను" అని మీరే అంటే అది కూడా మీ హక్కే. దానికి ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు.

ఇప్పటికే తీయించుకున్నారా?

తప్పు మీది కాదు. మీకు అప్పుడు ఎవరూ ఇవన్నీ చెప్పలేదు. ఇప్పుడు చేయాల్సినవి చూద్దాం. ముందు డిశ్చార్జి కాగితం వెతికి అండాశయాలు ఉన్నాయో తీసేశారో చూడండి. తీసేసి ఉంటే, మీ వయసు నలభై అయిదు లోపైతే, హార్మోన్ వైద్యం గురించి స్త్రీల వైద్యనిపుణులను తప్పకుండా అడగండి. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, ఎముకల పరీక్షలు చేయించుకుంటూ ఉండండి. పాలు, పెరుగు, రాగులు, నువ్వులు తినండి, రోజూ నడవండి. తీసిన గర్భసంచిని ల్యాబ్‌కి పంపి ఉంటే ఆ బయాప్సీ రిపోర్టు కూడా తీసి దాచుకోండి.

ఒంటరిగా వెళ్లకండి

హైదరాబాద్‌లో స్త్రీశక్తి సంఘటన అనే మహిళా సంఘం ఆడవాళ్లు కలిసి కూర్చుని, తమ ఒంటి గురించి తామే మాట్లాడుకుని, డాక్టర్లను అడిగి "సవాలక్ష సందేహాలు" అనే పుస్తకం తెచ్చారు. వాళ్లు చేసిన పని మనమూ చేయొచ్చు. డ్వాక్రా సంఘం సమావేశంలో పొదుపు లెక్కలయ్యాక పావుగంట ఈ మాటలు మాట్లాడుకోండి. ఎవరికి ఏ డాక్టర్ ఏం చెప్పారు, ఏ మందు పనిచేసింది, ఎవరికి ఆపరేషన్ తర్వాత ఏమైంది? ఆసుపత్రికి వెళ్లేటప్పుడు తోడుగా ఒకరిని తీసుకెళ్లండి. మీరు మర్చిపోయిన ప్రశ్న ఆమె అడుగుతుంది.

ఈ వారం ఒక్క పని చేయండి. అయిదు ప్రశ్నలున్న ఆ పేజీని ఫోన్‌లో ఫొటో తీసుకుని, ఆపరేషన్ తేదీ ఖాయమైన అక్కకో వదినకో పంపండి. ఆమె సంతకం పెడుతుందో లేదో ఆమె ఇష్టం. అడిగి, తెలుసుకుని పెట్టాలి, అంతే.